బ్యాంకు వేళలు, కుందేళ్ళ వేళలు

కుసుమంచి,
మార్చి 2, 2025.

చిరంజీవి బుజ్జికి,

నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ మీ పెద్దమ్మ చదివి వినిపించింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని నేనూ చదువుకున్నాను. ఫోన్లో మాట్లాడితే నువ్వు ఏడుస్తావు, నేను ఓదారుస్తాను, అసలు సంగతి పక్కకు పోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దాచుకుని మళ్ళీ మళ్ళీ చూసుకోవలసిన మాటలు ఇందులో కొన్ని ఉన్నాయి.

ముందు మందు సంగతి. నువ్వు ఫొటో తీసి పంపిన చీటీలో అమాక్సిసిలిన్ సిరప్ ఉంది. నీ కుందేలు దూదికి తాగించవద్దని నిన్న ఫోన్లోనే చెప్పాను. ఎందుకు వద్దన్నానో కూడా నీకు తెలియాలి. కుందేలు చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట సీకం అని ఒక పెద్ద సంచి ఉంటుంది. ఆవుకు మొదటి పొట్ట ఎలాంటిదో కుందేలుకు ఈ సంచి అలాంటిది. తిన్న గడ్డి అక్కడ సూక్ష్మజీవుల వల్ల పులిసి, ఒంటికి పట్టే ఆహారమవుతుంది. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ లాంటివి నోటిద్వారా లోపలికి పోతే ఆ మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి, విషం పుట్టించేవి పెరుగుతాయి. విరేచనాలు పట్టుకుంటాయి. రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మనకు, కుక్కకు, పిల్లికి రోజూ వాడే మందు దానికి పనికిరాదు. ఎన్రోఫ్లాక్ససిన్, ట్రైమెథోప్రిమ్ కలిసిన సల్ఫా మందు, ఇలాంటివి కుందేళ్ళకు వాడతారు. అలాగే కుక్కల గోమార్లకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే మీ ఇంటి ఓనరుగారి దగ్గర ఉందన్నావు. దాన్ని కుందేళ్ళ దరిదాపులకు రానివ్వకు. చెవిగజ్జి వస్తే ఐవర్‌మెక్టిన్ ఉంది, డాక్టరు తూకం చూసి వేస్తారు.

చీటీ రాసిన డాక్టరును మాత్రం తిట్టుకోకు. మన పశువుల దవాఖానలకు రోజూ వచ్చేవి గేదెలు, మేకలు, కోళ్ళు. కుందేలు వచ్చేది ఎప్పుడో ఒకసారి. ఈసారి చీటీ చేతికిచ్చినప్పుడు నిదానంగా అడుగు: “సార్, ఇది కుందేలుకు నోటిద్వారా ఇవ్వొచ్చా?” అని. అడిగినందుకు కోప్పడేవాళ్ళు తక్కువ. ఆగి, పుస్తకం తీసి చూసేవాళ్ళనే నేను నా పశువుల దవాఖాన సర్వీసులో ఎక్కువగా చూశాను.

ఇక నువ్వడిగిన ప్రశ్న. దూదికి పళ్ళ జబ్బు, దాని జోడు మిరియానికి మెడ వంకర, నీకేమో పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడు దాకా ఖమ్మంలో బ్యాంకు, పైగా మార్చి నెల. ఉద్యోగం మానేసి వాటిని చూసుకోవాలా, లేక ఎవరికైనా ఇచ్చెయ్యాలా అన్నావు. రెండూ చెయ్యకు. జబ్బు కుందేలుకు పగలంతా పక్కన కూర్చునే మనిషి అక్కర్లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి శ్రద్ధగా చూసే కన్ను కావాలి. ఆ కన్ను నీకుంది. దూది గడ్డం తడిగా ఉందని నువ్వే కనిపెట్టావు. నాలుగు రోజులు ఆలస్యమై ఉంటే నోరంతా పుండై ఉండేది.

కుందేలు దినచర్య చూడు. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ దానికి హుషారు. మేత, ఆట, గంతులు అన్నీ అప్పుడే. ఎండెక్కేసరికి ఒక మూల ముడుచుకుని కునుకు తీస్తుంది. సాయంత్రం నాలుగైదు దాటాకే మళ్ళీ కదులుతుంది. అంటే నువ్వు కౌంటర్లో కూర్చునే వేళకు అవి నిద్రపోతుంటాయి. నువ్వు లేచే వేళ, ఇంటికొచ్చే వేళ వాటికి మెలకువ. ఉద్యోగస్తులు ఇంట్లో ఉండే వేళలకు ఇంతగా కుదిరే జీవి నాకు తెలిసి ఇంకొకటి లేదు. అందుకని, మధ్యాహ్నం అన్నం తింటూ “అయ్యో, ఒంటరిగా వదిలేశానే” అని కుమిలిపోకు. అవి రెండూ ఒకదానికొకటి తోడు. మిరియానికి జబ్బు చేసిందని దూదిని వేరే గదిలో పెట్టానన్నావు, ఈ రోజే మళ్ళీ కలుపు. మిరియానికి ఆ జబ్బు కలిగించే క్రిమి సోకి ఉంటే దూదికీ ఈపాటికే సోకే ఉంటుంది, విడదీసి లాభం లేదు. జంటగా బతికిన కుందేలును విడదీస్తే దిగులుతో మేత మానేస్తుంది. దవాఖానకు పోయేటప్పుడు కూడా ఒకే బుట్టలో రెండింటినీ తీసుకుపో.

కాని ఒక గడువు మాత్రం ఎప్పుడూ దాటకూడదు. పన్నెండు గంటలు. కుందేలు పన్నెండు గంటలు తినకపోతే, పెంటికలు వేయకపోతే అది అత్యవసరం, మర్నాటి దాకా ఆగే పని కాదు. దాని పేగు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. నొప్పి వల్లో, భయం వల్లో, ఎండ వల్లో తినడం మానిందంటే పేగు మందగిస్తుంది. పేగు మందగిస్తే గాలి చేరి కడుపు నొస్తుంది. కడుపు నొస్తే అసలే తినదు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి లోపలిది బయటికి వచ్చే దారీ లేదు. అందుకే పొద్దున ఆరుకు ఒకసారి, బయలుదేరే ముందు ఒకసారి, ఇంటికి రాగానే ఒకసారి చూడాలి. పడుకునే ముందు ఇంకోసారి చూస్తే మరీ మంచిది. చూడడమంటే ముద్దుచేసి వదలడం కాదు. పెంటికలు చూడాలి. గుండ్రంగా, పెసరగింజ కంటే పెద్దగా, అన్నీ ఒకే సైజులో ఉన్నాయా? నిన్నటి కంటే చిన్నవైనా, తగ్గినా, వెంట్రుకలతో దండలా వచ్చినా పుస్తకంలో రాసుకో. రాత్రిపూట మెత్తగా గుత్తిలా వచ్చేవి వేరే, వాటిని కుందేలు మళ్ళీ తినేస్తుంది. అది దాని ఒంటికి అవసరం, అసహ్యించుకోకు. అవి తినకుండా నేల మీద మిగిలిపోతుంటే మాత్రం నడుము నొప్పో, పళ్ళ నొప్పో, దాణా ఎక్కువైందో అనుకోవాలి.

వేటాడేవాటికి ఆహారమయ్యే జీవి తన నొప్పిని బయటపెట్టదు. గేదెకు నొప్పి వస్తే అరుస్తుంది, తన్నుకుంటుంది. కుందేలు మూలకు పోయి వీపు వంచి కూర్చుంటుంది, కళ్ళు సగం మూస్తుంది, పళ్ళు గట్టిగా నూరుతుంది. ఇష్టమైన కొత్తిమీర రెమ్మ ముక్కు దగ్గర పెట్టినా మొహం తిప్పుకుంటుంది. అలా ఉన్నప్పుడు చెవులు పట్టుకుని చూడు. చెవులు చల్లగా ఉంటే ముందు తువ్వాలులో చుట్టి, గోరువెచ్చని నీళ్ళ సీసా పక్కన పెట్టి, డాక్టరుకు ఫోన్ చెయ్యి. కడుపు తడిమితే డోలులా గట్టిగా బిగిసి ఉంటే నోట్లోకి ఏమీ పొయ్యకు, నేరుగా దవాఖానకు పో. కడుపు మెత్తగానే ఉండి, తినడం మాత్రమే తగ్గితే, దాణా గుళికలు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పలచగా కలిపి సిరంజితో పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టాలి. కిలో బరువుకు రోజంతా కలిపి 50 మిల్లీలీటర్ల దాకా, నాలుగైదు విడతలుగా. నేరుగా గొంతులోకి కొట్టకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక్కో నోరు మింగాకే రెండోది.

వంటింటి తూకం ఒకటి కొను. ఆదివారం ఆదివారం రెండింటినీ తూచి రాయి. దూది రెండు కిలోలు ఉంటుందన్నావు. ఒక వారంలో వంద గ్రాములు తగ్గిందంటే కంటికి తెలియదు, చేతికీ తెలియదు, తూకానికే తెలుస్తుంది. ఆ వంద గ్రాములు దానికి వందలో ఐదు వంతులు. అంత తగ్గితే డాక్టరు దగ్గరికి బయలుదేరాల్సిందే.

పళ్ళ సంగతి కాస్త వివరంగా రాస్తాను, దూదితో నీకు ముందు ముందు పడేది ఇదే. కుందేలు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. దవడ పళ్ళూ పెరుగుతాయి. పీచు గడ్డిని అది దవడ పక్కలకు తిప్పుతూ గంటల తరబడి నూరుతుంటేనే అవి సమంగా అరుగుతాయి. నువ్వు కొన్నప్పుడు షాపువాళ్ళు చెప్పినట్టు క్యారట్టు, దాణా, మరమరాలు పెడితే దవడ అంతగా తిరగదు, పళ్ళు సరిగా అరగవు, అంచులు మొనదేలుతాయి. కింది పళ్ళ మొనలు నాలుకను కోస్తాయి, పై పళ్ళవి బుగ్గను కోస్తాయి. అందుకే దూది ఆకలి ఉన్నా గిన్నె దాకా వచ్చి వెనక్కి పోయేది. వేర్లు పైకి పెరిగితే కన్నీటి నాళం మూసుకుపోయి ఒక కన్ను కారుతుంది. దూది ఎడమ కన్ను అందుకే తడిగా ఉందేమో, ఎక్స్‌రే తీయించమని అడుగు.

ఒకసారి వంకర తిరిగిన దవడ పళ్ళు మళ్ళీ పూర్తిగా సర్దుకోవడం అరుదు. కొన్ని వారాలకోసారి మత్తు ఇచ్చి మొనలు అరగదీయాల్సి రావచ్చు, ఒక్కోదానికి ఒక్కో వ్యవధి. ఇది బతుకంతా ఉండే పని అని ముందే మనసుకు చెప్పుకో, అప్పుడు ప్రతిసారీ కొత్త దెబ్బలా ఉండదు. గోళ్ళ కత్తెరతో ఇంట్లో ముందు పళ్ళు కత్తిరించమని ఎవరన్నా చెబితే వినకు, నిలువునా చీలుతాయి. మత్తుకు ముందు రాత్రి పస్తు పెట్టమని కూడా అంటారు, కుక్కల అలవాటు కొద్దీ. కుందేలును పస్తు పెట్టకూడదు, వాంతి చేసుకోలేని జీవికి ఆ పస్తుతో పని లేదు, పేగు ఆగే ప్రమాదం మాత్రం ఉంది.

నీ బ్యాంకుకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు కదా. పళ్ళ పనికి ఆ శనివారాలే పెట్టుకో. శనివారం పని చేయిస్తే ఆదివారమంతా పక్కన ఉండి తినిపించవచ్చు, సోమవారానికి అది తనంతట తాను తింటుంది. వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పాత కళాశాల ఉంది. పోయేముందు ఫోన్ చేసి, కుందేలుకు మత్తు ఇవ్వడం అలవాటున్నవాళ్ళు ఆ రోజు ఉంటారా, శనివారం చూస్తారా అని కనుక్కో. ఎండ ముదిరాక బస్సులో తీసుకుపోవద్దు. తెల్లవారుజామున కారు మాట్లాడుకో, సగం డబ్బు నేనిస్తాను, ఇందులో వాదన పెట్టుకోకు.

మందులు రాసేటప్పుడు డాక్టరుకు నీ ఉద్యోగం గురించి చెప్పు. రోజుకు మూడుసార్లు వేసే మందుకు బదులు పన్నెండు గంటలకోసారి వేసేది ఉంటుందా అని అడుగు. మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు రోజుకు ఒకటి రెండుసార్లతో సరిపోతుంది. పాటించలేని చీటీ ఇంట్లో పెట్టుకుని బాధపడేకంటే, పాటించగల చీటీ అడిగి రాయించుకోవడం మేలు.

ఇప్పుడు గడ్డి. మేతలో నూటికి ఎనభై వంతులకు పైగా గడ్డే ఉండాలి, ఎండుదైనా పచ్చిదైనా. దాణా గుళికలు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు దాటొద్దు. ఆన్‌లైన్లో దొరికే విదేశీ తిమోతి గడ్డి బాగానే ఉంటుంది కాని ధర నీకు భారం. మన గరిక చాలు. నేను పెరట్లో బోరు పక్కన ఒక మడి గరిక, ఒక మడి దశరథ గడ్డి వేశాను. కోసి నీడలో ఆరబెట్టి గోనెసంచుల్లో పంపుతాను. దశరథ గడ్డి పప్పుజాతి, మాంసకృత్తులు ఎక్కువ, కాబట్టి గుప్పెడు చాలు. లూసర్న్, మునగాకు, వేరుశనగ తీగలో సున్నం ఎక్కువ. కుందేలు ఒంట్లో మిగిలిన సున్నం మూత్రంలో పోతుంది. ఎక్కువైతే మూత్రసంచిలో సుద్దలా పేరుకుంటుంది. మూత్రం ఎర్రగానో నారింజ రంగులోనో పడితే హడలిపోకు, తిన్న ఆకును బట్టి అలా ఉంటుంది. పోస్తూ ముక్కితే, చుక్కచుక్కగా వస్తే చూపించాలి. సుబాబుల్ పెట్టకు, అందులో ఉండే మైమోసిన్ వల్ల వెంట్రుకలు రాలతాయి. వరిగడ్డి కింద పరచడానికి సరే, బూజు వాసన వస్తే దానికీ వద్దు.

బయట గడ్డి కోసేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. మన కుసుమంచి, నేలకొండపల్లి, తిరుమలాయపాలెం వైపు మిరప, పత్తి ఎంత వేస్తారో నీకు తెలుసు. మిరప మీద పురుగుమందు కొట్టని వారం ఉండదు. ఆ చెలకల గట్ల మీద గరిక ఎంత పచ్చగా కనిపించినా కొయ్యకు. గాలికి మందు గట్టు మీదే పడుతుంది. గేదెకు ఒకటి రెండు దోసిళ్ళ విషపు గడ్డి ఏమీ చెయ్యకపోవచ్చు, రెండు కిలోల కుందేలుకు చాలా ఎక్కువ. సూర్యాపేట రోడ్డు పక్క గడ్డీ వద్దు, అంతా లారీల పొగ, దుమ్ము. ఊళ్ళో ఎవరో పాలేరు కాలువ గట్టు గడ్డి తెచ్చిస్తానన్నారట. చుట్టుపక్కల ఏ పంటకు ఎప్పుడు మందు కొట్టారో వాళ్ళు చెప్పగలిగితేనే తీసుకో.

మిరియం గురించి. మెడ అలా పక్కకు వాలడానికి ముఖ్యంగా రెండు కారణాలు చూస్తారు. ఒకటి చెవి లోపల చీము. రెండోది ఎన్సెఫాలిటోజూన్ అనే సూక్ష్మక్రిమి, మెదడు, మూత్రపిండాల్లో చేరుతుంది, మూత్రం ద్వారా ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుతుంది. రెండోదానికి వాడే ఫెన్‌బెండజోల్ కొత్త మందేం కాదు, మన గొర్రెలకు వేసే నట్టల మందే. కాకపోతే గొర్రెకు ఒక్కసారి వేస్తాం, కుందేలుకు 28 రోజులు వరుసగా వేయాలి. డాక్టరు చెప్పిన కొలత, చెప్పినన్ని రోజులు. నాలుగో రోజుకు మెడ తిరగలేదని ఆపకు. తగ్గడానికి వారాలు పడుతుంది, కొద్దిగా వంకర బతుకంతా మిగలవచ్చు. మెడ వంకరతోనే తినే, ఆడే కుందేళ్ళున్నాయి. అది దొర్లిపడే రోజుల్లో చుట్టూ తువ్వాళ్ళు చుట్టలు చుట్టి పెట్టు, ఎత్తు పీటలు తీసెయ్యి, గిన్నె మూతి దగ్గరకు జరుపు. కిందివైపు కన్ను నేలకు రాసుకుని పుండు పడుతుంది, చుక్కల మందు అడిగి వెయ్యి. తలను చేత్తో తిప్పి సరిచెయ్యాలని చూడొద్దు. బోను శుభ్రం చేశాక చేతులు సబ్బుతో కడుక్కో. ఇంట్లో ఎవరికైనా రోగనిరోధక శక్తి బాగా తగ్గి ఉంటే వాళ్ళను ఆ పనికి పెట్టకు.

మెడ వంకర ఉన్నది వెనక వైపు శుభ్రం చేసుకోలేదు. తొలకరి పడ్డాక ఈగలు ముసిరే కాలంలో రోజూ సాయంత్రం దాని తోక కింద ఎత్తి చూడాలి. తడిగా, మురికిగా ఉన్నచోట ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. గొర్రెల్లో పురుగులు తీసే పని నేను లెక్కలేనన్నిసార్లు చేశాను. కుందేలు చర్మం ఇంకా పలచన, ఇంకా తొందరగా చస్తుంది.

రాబోయేది మన ఎండాకాలం. ఖమ్మంలో మే నెల 44 డిగ్రీలు కొత్త కాదు. కుందేలుకు చెమట పట్టదు, కుక్కలా నాలుక చాపి రొప్పి చల్లబడలేదు, చెవుల్లో రక్తనాళాల ద్వారా వేడి బయటికి పంపడమే దానికున్న ముఖ్యమైన దారి. 30 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలు. నువ్వు లేని వేళ కరెంటు పోతే ఏమవుతుందన్నది నీ ఉద్యోగానికి సంబంధించిన అసలు ప్రశ్న, నువ్వు దాన్ని అడగనే లేదు. డాబా మీద రేకుల గదిలో ఉన్నావు కదా, ఏప్రిల్ లోపే కింది అంతస్తుకు మారు. కుదరకపోతే పగటిపూట వాటిని కింద ఓనరుగారి వరండా లోపలి గదిలో పెట్టేలా మాట్లాడు. నాపరాయి పలకలు రెండు పంపుతాను, వాటి మీద పడుకుంటాయి. నీళ్ళ సీసాలు ఫ్రీజర్లో గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెట్టు. కిటికీకి తడి గోనెపట్టా కట్టు. నీళ్ళు బరువైన మట్టి మూకుడులో పోసి పెట్టు, గొట్టం సీసాలో తాగేదానికంటే అలా ఎక్కువ తాగుతాయి. చెమట పట్టని జీవికి ఉత్త ఫ్యాను గాలితో పెద్దగా ఒరిగేదేమీ లేదు, చెవులు తడిగుడ్డతో తుడిచాక గాలి తగిలితే కొంత ఊరట. ఎప్పుడైనా వాలిపోయి, చెవులు కాలిపోతూ, ముక్కు తడిసి రొప్పుతుంటే మామూలు చల్లని నీళ్ళతో చెవులు, పాదాలు తడుపుతూ దవాఖానకు తీసుకుపో. ఐసు నీళ్ళలో ముంచొద్దు.

మధ్యాహ్నం ఒకసారి చూసి రావడానికి ఒక మనిషిని కుదుర్చుకో. ఓనరుగారి అమ్మాయి ఇంటర్ చదువుతోందన్నావు. ఆ పిల్లను ఒక ఆదివారం పిలిచి, మామూలుగా ఉన్నప్పుడు దూది ఎలా కూర్చుంటుందో, పెంటికలు ఎంత ఉంటాయో చూపించు. మామూలు తెలిసినవాళ్ళకే తేడా తెలుస్తుంది. ఆ పిల్ల చదువుకు ఏదైనా సాయం చెయ్యి, ఉత్తినే చేయించుకోకు. మీ మేనేజరుకు కూడా దాచకుండా చెప్పు. ఏడాదిలో నాలుగైదు సెలవులు ఇందుకే పక్కన పెట్టుకో. కుందేలు కోసం సెలవా అని నవ్వేవాళ్ళుంటారు. గేదె ఈనుతుంటే సెలవు పెట్టే రైతుబిడ్డలు మీ ఆఫీసులోనే ఉంటారు, వాళ్ళకు అర్థమవుతుంది.

బుట్ట ఒకటి ఎప్పుడూ తలుపు పక్కన సిద్ధంగా ఉంచు, అందులో తువ్వాలు, సిరంజి, మందుల చీటీలు. 2024 సెప్టెంబరు ఒకటిన మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలు మునిగినప్పుడు జనం కట్టుబట్టలతో డాబాలెక్కారు. మీ వీధికి నీళ్ళు రాలేదు కాని ఈసారి రావని ఎవరూ చెప్పలేరు.

మొన్న శివరాత్రికి వాటిని తీసుకుని ఊరికి వస్తానంటే మీ పెద్దమ్మ వద్దంది, నీకు మనసు కష్టపెట్టుకోవద్దని చెప్పమంది. మన ఊరి గణపేశ్వరాలయం దగ్గర జాతర మైకులు తెల్లవార్లూ మోగుతాయి. పెద్ద చప్పుడుకు బెదిరి మేత మానేసే జీవాలవి. దీపావళికీ అంతే, ఆ రాత్రి నువ్వు వాటి గదిలోనే ఉండు.

మీ బంధువొకాయన కిన్నెరసాని అడవిలో వదిలేస్తే హాయిగా బతుకుతాయని సలహా ఇచ్చాడట. ఆయనకు తెలియక అన్న మాట, నువ్వు మాత్రం తెలుసుకో. మన భద్రాచలం, పాల్వంచ అడవుల్లో తిరిగే చెవులపిల్లి వేరు, మన ఇళ్ళలో పెరిగే కుందేలు వేరు. చెవులపిల్లి బొరియ తవ్వదు, గడ్డిలో నేలమీదే పడుకుంటుంది, దాని పిల్లలు కళ్ళు తెరిచి, ఒళ్ళంతా వెంట్రుకలతో పుడతాయి. మన కుందేలు పూర్వీకులు స్పెయిన్ వైపువి, పిల్లలు కళ్ళు మూసుకుని నున్నగా పుడతాయి. తెల్లటి దూది ఆ అడవిలో మొదటి రాత్రే నక్క నోట పడుతుంది. ఒకవేళ బతికి పెరిగితే అదీ చేటే. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆయన ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో వేట సరదాకు రెండు డజన్ల దాకా కుందేళ్ళు వదిలితే, అవి ఖండమంతా వ్యాపించి పంటలను, పచ్చికను తినేశాయి. ఇంకో సంగతి. కొత్తగూడెం రోడ్డు మీద ఎవరైనా అడవి చెవులపిల్లి పిల్లను బుట్టలో పెట్టి అమ్మబోతే జాలిపడి కొనకు. 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టడం, పెంచుకోవడం నేరం. నువ్వు ఒకటి కొంటే వాళ్ళు మళ్ళీ వల పట్టుకుని పోతారు.

దూది ఆడది కదా, పిల్లలసంచి తీయించడం గురించి కూడా డాక్టరుతో మాట్లాడు. నాలుగైదేళ్ళు దాటిన ఆడ కుందేళ్ళలో గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. పళ్ళ జబ్బు కుదుటపడి, బరువు నిలిచాక చేయించవచ్చు.

రాయడానికి మనసొప్పని మాట ఒకటి రాయక తప్పదు. ఏదో ఒకనాడు వీటిలో ఒకదానికి మందులు పని చెయ్యని రోజు రావచ్చు. అప్పుడు మూడు చూడు: తనంతట తాను తింటోందా, తనంతట తాను కదులుతోందా, జోడు దాన్ని నాకినప్పుడు కళ్ళు మూసుకుని సుఖపడుతోందా. మూడూ పోయి, నొప్పి మందుకు కూడా లొంగని నొప్పి మిగిలితే, డాక్టరు చేత నిద్రలోనే పంపించడం పాపం కాదు. నా సర్వీసులో కాలు విరిగిన ఎడ్ల విషయంలో రైతులు ఆ నిర్ణయం ఎంత ఆలస్యంగా తీసుకునేవారో చూశాను. ఆ ఆలస్యంలో బాధపడింది ఎద్దు. ఆ రోజు వస్తే నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా వస్తాను, నువ్వొక్కదానివే ఉండొద్దు. మిగిలినదానికి చనిపోయిన జోడును కాసేపు చూడనివ్వాలి, లేకపోతే అది వెతుకుతూ తినడం మానేస్తుంది.

ఇప్పటికి మాత్రం రెండూ తింటున్నాయి. ఈ శనివారం ఎనిమిదో తారీఖు, రెండో శనివారం. దూదికి ఎక్స్‌రే ఆ రోజుకే మాట్లాడు. శుక్రవారం సాయంత్రం బస్సుకు గరిక సంచి, నాపరాళ్ళు, మీ పెద్దమ్మ పెట్టిన పండుమిరప పచ్చడి పంపుతున్నాను. కండక్టరుకు నీ ఫోన్ నంబరు ఇస్తాను, ఖమ్మం కొత్త బస్టాండులో దించుకో. సంచి విప్పగానే గడ్డి వాసన చూడు. చెమ్మ వాసన వస్తే పెట్టకు, ఇంకో సంచి పంపుతాను. ఆదివారం నాటి తూకాలు నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న